రూలమ్మ తిరగరాసిన రూలు

కాన్పుల వార్డులో ఆవిడని ఎదురుగా 'సిస్టర్' అనేవారు, వెనక 'రూలమ్మ' అనేవారు. ఆ సంగతి ఆవిడకీ తెలుసు. చెప్పుల చప్పుడు వినపడగానే ఆయాలు మాట మార్చేవారు. ఆవిడ ఏమీ విననట్టే వచ్చి, మంచానికీ మంచానికీ మధ్య దూరం చూసి, వేలాడుతున్న దుప్పటి అంచు పరుపు కిందికి తోసి వెళ్ళిపోయేది. ఇరవై రెండు మంచాల వార్డు, మూడు బల్లల కాన్పుగది, దానికి ఆనుకుని గుడ్డలూ పళ్ళేలూ కడిగే చిన్న గది. ఆ గదికి పెరటివైపు ఒక తలుపు ఉండేది.

ఆ తలుపుతో పనేమిటో ఆవిడకి ఇరవై మూడో ఏట, ఉద్యోగంలో చేరిన రెండో వారంలో తెలిసింది. ఒక బిడ్డ ప్రాణం లేకుండా పుట్టబోతోందని ముందే తేలిపోయింది. మేట్రన్ నోరు విప్పకుండా కళ్ళతోనే పనులు పురమాయించింది. తల్లి నడుం మీదుగా పచ్చగుడ్డ అడ్డంగా ఎత్తి పట్టుకున్నారు. బొడ్డు కోయడం, తువ్వాల్లో చుట్టడం, పెరటి తలుపు దాటించడం అన్నీ కలిపి రెండు నిమిషాలు పట్టలేదు. ఆలోగా తల్లికి నిద్ర సూది పడిపోయింది. ఆమె లేచాక, "పోయిందమ్మా. నీకింకా వయసుంది, మళ్ళీ పుడతారు" అని ఒక్క మాట చెప్పారు. ఆడో మగో చెప్పకూడదు. ఎలా ఉందో చెప్పకూడదు. భర్త వరండాలో నిలబడి కాగితం మీద సంతకం పెట్టాడు. నలభై నిండకముందే తల నెరిసి, అందరూ తాతా అని పిలిచే అటెండరు ఆ మూటని ఊరిచివర శ్మశానంలో ఒక మూల పూడ్చిపెట్టి వచ్చాడు.

మేట్రన్ రాతిగుండె మనిషేం కాదు. ఆరోజు దుప్పట్ల స్టోరు గదిలోకి వెళ్ళి తలుపేసుకుని, పావుగంట తర్వాత ఎర్రబడ్డ కళ్ళతో బయటికొచ్చింది. కొత్త నర్సుని పక్కకి పిలిచి, "చూస్తే జన్మలో మర్చిపోలేదే పిచ్చిదానా. చూడకపోతే కలలాగా కరిగిపోతుంది. ఆ ఏడుపేదో మనం ఏడవాలి, తల్లికి మిగల్చకూడదు" అంది.

ఆ మాట కొత్త నర్సు మనసులో నాటుకుపోయింది. ఆ తర్వాత పంతొమ్మిదేళ్ళలో ఆ పనిని ఆవిడంత చురుగ్గా చేసినవాళ్ళు ఆ ఆస్పత్రిలో లేరు. అలాంటి కాన్పు వస్తుందని తెలిస్తే డాక్టర్లు, "ఆవిడ డ్యూటీలో ఉందా?" అని ముందు కనుక్కునేవారు. ఉందంటే ఊపిరి పీల్చుకునేవారు. ఆవిడకి అందులో కాస్త గర్వం కూడా ఉండేది. తను చేస్తున్నది దయగల పని అని గట్టిగా నమ్మింది. నమ్మకపోవడానికి కారణమూ కనపడలేదు. తల్లులు మూడోరోజు ఇంటికి వెళ్ళిపోయేవారు. వెళ్ళినవాళ్ళు వెళ్ళినట్టే.

అలా ఉండగా ఒకరోజు పొద్దున పదకొండింటికి, బట్టలు కుట్టి బతికే ఒకామె బల్ల మీద ఉంది. ముప్ఫై నాలుగేళ్ళ మనిషి, మొదటి కాన్పు. బిడ్డ గుండె రెండు రోజుల కిందటే ఆగిపోయింది. పచ్చగుడ్డ ఎత్తారు, పని అంతా ఎప్పటిలాగే జరిగిపోయింది. నిద్ర సూది వెయ్యబోతే మాత్రం ఆమె చెయ్యి వెనక్కి లాక్కుంది.

"చూపించండి."

"వద్దు తల్లీ. చూడకపోతేనే మంచిది."

"మీరు చూశారా?"

రూలమ్మ సూదిని వెలుతురుకి ఎత్తి గాలిబుడగ వదిలింది.

"ఆయా చూసింది. మీరు చూశారు. తీసుకెళ్ళినాయన చూస్తాడు. మీకెవరికీ ఏమీ కాలేదు. కన్నదాన్ని, నేనొక్కదాన్నే చూడకూడదా?"

అరిచి ఉంటే రూలమ్మకి ఏం చెయ్యాలో తెలిసేది. అరిచేవాళ్ళని పట్టుకుని సూది వెయ్యడం అలవాటే. ఈమె మామూలుగా, కొలత తప్పిన జాకెట్టు గురించి అడిగినట్టు అడిగింది. రూలమ్మ చేతిలో సూది అలాగే ఉండిపోయింది. డాక్టరు పక్కగదిలో ఆపరేషన్ మీద ఉన్నాడు. మేట్రన్ రిటైరై అప్పటికి నాలుగేళ్ళు. అడగడానికి పైన ఎవరూ లేరు. ఆవిడ సూది పళ్ళెంలో పెట్టేసి, పెరటి తలుపు దగ్గరికి వెళ్ళి, తాతని వెనక్కి పిలిచింది.

కుట్టుపనామె బిడ్డని ఒళ్ళో పెట్టుకుని తువ్వాలు విప్పింది. భుజం నుంచి భుజానికి వేళ్ళతో కొలిచింది. చేతి పొడవు చూసింది. "నేను కుట్టిన చొక్కాలు వదులయ్యేవి" అంది. ఏడ్చింది, ఆగింది, మళ్ళీ ఏడ్చింది. రూలమ్మ గోడ గడియారం వంక చూస్తూ, నాడి పట్టుకుని కూర్చుంది. స్పృహ తప్పుతుందేమో, పిచ్చెక్కినట్టు అరుస్తుందేమో అని కాచుకుంది. అలాంటిదేమీ జరగలేదు. నలభై నిమిషాల తర్వాత తువ్వాలు మళ్ళీ చుట్టింది ఆ తల్లే. మడతలు రూలమ్మ చుట్టినదానికన్నా నీటుగా వచ్చాయి. "ఇంక తీసుకెళ్ళండి" అంది.

ఆరు వారాలకి పరీక్షకి వచ్చినప్పుడు ఆమె చిక్కిపోయి ఉంది కానీ, నిద్ర పడుతోందనీ, మిషను ఎక్కుతున్నాననీ చెప్పింది. "చూడటం మంచిదయిందా?" అని రూలమ్మ అడిగింది. పంతొమ్మిదేళ్ళలో ఒక తల్లిని ఆ ప్రశ్న అడగడం అదే మొదలు.

"మంచేముంది సిస్టర్ ఇందులో" అంది ఆమె. మందుల చీటీ మడత పెట్టుకుంటూ, "చూడకపోయుంటే రోజుకో మొహం ఊహించుకునేదాన్ని" అంది.

ఒక్క మనిషి మాట పట్టుకుని రూలు మార్చే రకం కాదు రూలమ్మ. అలాగని ఆ మాట వదిలిపెట్టనూ లేదు. ఏ మందు వేసినా మర్నాడు జ్వరం చూస్తాం, నాడి చూస్తాం, పని చెయ్యకపోతే మారుస్తాం. తాము ఇన్నేళ్ళుగా ఇస్తున్న ఈ మందుకి మాత్రం మర్నాడంటూ లేదు. అది ఎలా పని చేసిందో ఎవరూ వెళ్ళి చూడలేదు.

ఆవిడ భర్త కరెంటు మీటర్ల రీడింగు తీసే ఉద్యోగి. ఊళ్ళో ఏ సందులో ఏ గుమ్మం ఎటు తిరిగి ఉంటుందో, ఏ ఇంట్లో కుక్క కరుస్తుందో ఆయనకి కళ్ళు మూసుకున్నా తెలుసు. పాత రిజిస్టర్లలోంచి అడ్రసులు రాసుకొచ్చి ఆయన ముందు పెట్టింది.

"ఇదేమిటోయ్, సెలవురోజు కూడా నాచేత మీటర్లు చూపిస్తావా?"

"మీటర్లు మీరు చూడండి. మనుషుల్ని నేను చూస్తాను."

ఆ ఆదివారం నుంచి ఇద్దరూ స్కూటరు మీద తిరగడం మొదలుపెట్టారు. కొందరు ఇళ్ళు మారారు. ఒకరిద్దరు గుమ్మంలోంచే పంపేశారు. మిగతావాళ్ళు కూర్చోబెట్టి మాట్లాడారు. పదేళ్ళయినవాళ్ళూ, పదిహేనేళ్ళయినవాళ్ళూ, తర్వాత ముగ్గురు పిల్లల్ని కన్నవాళ్ళూ దాదాపు అందరూ ఒకే ప్రశ్నతో మొదలుపెట్టారు. "ఆడపిల్లా, మగపిల్లాడా?"

కలలాగా కరిగిపోయిందని ఒక్కరూ అనలేదు.

వాళ్ళలో కూరగాయల బండి పెట్టుకున్న ఒకామె ఉంది. పన్నెండేళ్ళ కిందటి కాన్పు. రూలమ్మని చూడగానే గుర్తుపట్టింది. ఇంట్లోవాళ్ళని బయటికి పంపి, తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించింది.

"మీరు వస్తారని నాకు తెలుసు సిస్టర్. నేను పోలీసులకి చెప్పను. ఎవరికీ చెప్పను. ఎవరికిచ్చారో చెప్పండి చాలు."

"ఎవరికివ్వడం? ఏమిటమ్మా?"

"నా బిడ్డని. బతికే ఉంది కదా? అంత ఆదరాబాదరాగా ఎందుకు తీసుకెళ్ళారు మరి? చచ్చిపోయిన బిడ్డని దాచిపెట్టాల్సిన పనేముంది?"

ఆమె చెప్పుకుంటూ పోయింది. రోజూ బడి వదిలే వేళకి బండి స్కూలు గేటు ఎదురుగా పెడుతుంది. అక్కడ బేరాలేమీ ఉండవు. పిల్లల మొహాలు చూడ్డానికి పెడుతుంది. ఏటేటా ఒక తరగతి పైకి జరుగుతూ వచ్చింది. ఈ ఏడు ఏడో తరగతి పిల్లల్ని చూస్తోంది. ఆడో మగో తెలియదు కాబట్టి రెండు వరసలూ చూడాలి.

"అమ్మా, బిడ్డ పోయింది. నా చేతుల్తో నేనే చుట్టాను" అంది రూలమ్మ.

"ఆడపిల్లా?"

ఆవిడకి గుర్తు లేదు. అదే అన్నిటికన్నా పెద్ద సిగ్గయింది. సోమవారం రికార్డు గదిలో దుమ్ము దులిపి ఆ ఏటి రిజిస్టరు తీసింది. ఆడ, రెండు కిలోల ఆరువందల గ్రాములు, నిర్జీవం. కింద సంతకం తనదే. ఆ సాయంత్రమే వెళ్ళి చెప్పింది. మరుసటి ఆదివారం తాతని కూడా వెంటపెట్టుకుని ఆమెని శ్మశానానికి తీసుకెళ్ళింది. తాతకి చూపు ఆనేది కాదు. చేతికర్రతో చూపించి, "ఇక్కణ్ణుంచి ఆ గోడ దాకా ఎక్కడైనా అయ్యుండొచ్చమ్మా" అన్నాడు.

ఆమె ఆ నేలకేసి చాలాసేపు చూసింది. "ఒక్కతేనా?" అంది.

"కాదు తల్లీ. చాలామంది ఉన్నారు" అన్నాడు తాత.

"పోన్లే" అంది ఆమె.

ఆ తర్వాత కూడా నాలుగైదు నెలలు బండి స్కూలు గేటు దగ్గరే కనపడిందని మీటర్లాయన చెప్పాడు. తర్వాత బస్టాండు వైపు మారిందట. అక్కడ బేరాలు బాగున్నాయట.

ఈ సంగతంతా చెప్పుకోవడానికి రూలమ్మ మేట్రన్ ఇంటికి వెళ్ళింది. అరవై దాటిన ఆవిడ మోకాళ్ళకి తైలం రాసుకుంటూ మొత్తం విని, తైలం సీసా మూత బిగించింది.

"అంటే నేను ముప్ఫై ఏళ్ళు పాపం చేశానంటావు."

"నేనలా అనలేదు మేడం."

"అనకపోయినా వినపడుతోందిలే. నేను చేరినప్పుడు ఏం చేసేవారో తెలుసా? చచ్చిన బిడ్డని కన్నదాన్ని గంటకి మంచం దింపేసేవారు. మంచం బతికిన బిడ్డ తల్లికి కావాలని. నేలమీద పడుకోబెట్టేవారు, పక్కన పసిపిల్లలు ఏడుస్తుంటే వింటూ. నేను సూపరింటెండెంటుతో పోట్లాడి మంచం ఇప్పించాను. నిద్రమందు ఇప్పించాను. ఎవరూ ఒక్క మాటా అనకూడదని రూలు పెట్టించాను. అప్పట్లో 'నీ కడుపే అలాంటిది' అని మొహం మీదే అనేవారు. ఆ నోళ్ళు మూయించడానికి పెట్టిన రూలే అది."

రూలమ్మకి ఆ వెనకటి కథ తెలియదు. పంతొమ్మిదేళ్ళు పాటించిన రూలు ఎందుకు పుట్టిందో అప్పుడు తెలిసింది.

"మీరు చేసింది చిన్న పని కాదు మేడం. కానీ ఆ తర్వాత వాళ్ళెలా ఉన్నారని మనం ఒక్కసారైనా వెళ్ళి అడగలేదు."

మేట్రన్ తైలం సీసాని అలమరలో సర్దింది. ఆఖరికి, "అడగాలని తోచలేదే" అంది. "ఏం చెబుతారో అని భయం కూడా ఉండిందేమో. ఇప్పుడు ఎవరికి తెలుసు."

ఏడాదిపాటు రూలమ్మ తన డ్యూటీలో ప్రతి తల్లినీ అడిగింది. పద్నాలుగు మంది చూస్తామన్నారు. ఆరు వారాలకి, ఆరు నెలలకి మళ్ళీ కలిసింది. పదమూడు మంది చూసినందుకు బాధపడలేదు. ఒకామె, "ఏమో, చెప్పలేను" అంది. అదీ రాసుకుంది. ఆ కాగితాలూ, పాత తల్లుల మాటలూ పట్టుకుని సూపరింటెండెంటు గదికి వెళ్ళింది.

ఆయన కళ్ళజోడు పైకి తోసి, "రూలు మార్చమని అడుగుతున్నది మీరేనా?" అన్నాడు.

"నేనేనండీ."

"అయితే ఇదేదో చదవాల్సిందే."

చదివాడు. రెండు నెలలు నానబెట్టి ఒప్పుకున్నాడు. ఇకమీదట బిడ్డని తల్లికి చూపించాలి అని రూలమ్మే ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి కాన్పుగది గోడకి అంటించింది. కొత్త నర్సులకి తనే నేర్పింది. మంచి పని చేశానని అనుకుంది. అది నిజమే కూడా. ఆ నిజం మీద మూడేళ్ళు హాయిగా నడిచిపోయింది.

నాలుగో ఏట ఒక స్కూలు టీచరు కాన్పు. బిడ్డ పుట్టకముందే, "నాకు చూపించకండి" అని చెప్పింది. పుట్టాక గోడవైపు తిరిగి పడుకుంది. ఆ పూట డ్యూటీలో ఉన్నది చిన్న సిస్టర్, రెండేళ్ళ సర్వీసున్న చురుకైన పిల్ల. రూలు రూలే అనుకుంది. "ఇప్పుడలాగే అంటారమ్మా, తర్వాత బాధపడతారు. చూస్తేనే మంచిది" అని బిడ్డని తెచ్చి చేతుల్లో పెట్టేసింది. టీచరు కేక వరండా దాకా వినపడింది.

రూలమ్మ పరుగున వచ్చేసరికి చిన్న సిస్టర్ బిడ్డని పట్టుకుని గోడవారగా నిలబడి ఉంది. "మీరు రాసిందే చేశాను సిస్టర్" అంది.

అది ఎదురు చెప్పడం కాదు. ఆ పిల్ల ఉన్నమాటే చెప్పింది. 'చూడకపోతేనే మంచిది' అని తను ఎంత ధీమాగా అనేదో, 'చూస్తేనే మంచిది' అని ఈ పిల్ల అంతే ధీమాగా అంది. ఆ ధీమా నేర్పింది తనే.

మర్నాడు మధ్యాహ్నం రూలమ్మ టీచరు మంచం దగ్గర స్టూలు వేసుకుని కూర్చుంది. "తప్పు నాదమ్మా. ఆ అమ్మాయిది కాదు. రూలు రాసింది నేను."

టీచరు కిటికీలోంచి చూస్తూనే, "నేను ముందే చెప్పాను. మీరెవరూ వినలేదు" అంది.

"అవును."

"ఎందుకు వద్దన్నావని మాత్రం అడక్కండి."

"అడగను."

రూలమ్మ ఆ స్టూలు మీద ఇంకో పది నిమిషాలు కూర్చుంది. టీచరు పొమ్మనలేదు.

గోడమీది కాగితం దిగిపోయింది. దాని బదులు వచ్చింది చదవడానికి అంత అందంగా లేదు. కొట్టివేతలు, పక్కన ఇరికించిన వాక్యాలు. ముందు అడగాలి. వద్దంటే వద్దనే. ఆడో మగో తెలుసుకోవాలనుందా అని వేరేగా అడగాలి. బిడ్డని సాయంత్రం దాకా పక్కగదిలో ఉంచాలి, ఈలోగా మనసు మారితే ఆమే చెప్పొచ్చని ఒక్కసారి చెప్పాలి, రెండోసారి ఒత్తిడి చెయ్యకూడదు. పాదాల ముద్ర తీసి కవరులో పెట్టి బీరువాలో దాచాలి. ఎప్పుడొచ్చి అడిగినా ఇవ్వాలి. ఎవరూ రాకపోయినా పారెయ్యకూడదు. ఆరు నెలలకోసారి ఈ కాగితం మళ్ళీ చూడాలి అన్న ఆఖరి వాక్యం చిన్న సిస్టర్ రాయించింది. టీచరు బిడ్డని పంపేముందు రూలమ్మ తీసి ఉంచిన మొదటి ముద్ర, ఆ కవరులో అలాగే ఉండిపోయింది. ఆమె రాలేదు. రావాలని లేదు కాబట్టి రాలేదని రూలమ్మ అనుకుంది, అంతకుమించి ఆలోచించదలుచుకోలేదు.

రిటైర్‌మెంటుకి రెండేళ్ళ ముందు చిన్న సిస్టర్ ఇంకో పేచీ తెచ్చింది.

"మరి నాన్నల సంగతేంటి సిస్టర్? సంతకం పెట్టించుకుని వరండాలో వదిలేస్తున్నాం. వాళ్ళని ఒక్కళ్ళమైనా అడిగామా?"

"కాన్పుగదిలోకి మగవాళ్ళా? నీకేమైనా మతిపోయిందా? మిగతా రెండు బల్లల మీద ఆడవాళ్ళుంటారు. మగాళ్ళకి గుండె ధైర్యం తక్కువ, పడిపోతారు. వద్దు."

ఈసారి ఆవిడ నిజంగానే ఒప్పుకోలేదు. రెండు నెలలు ముభావంగా ఉంది. ఆవిడ కళ్ళకి ఆపరేషన్ చేయించుకుని నెల సెలవు మీద ఉన్నప్పుడు చిన్న సిస్టర్ పక్కగదికి ఒక కుర్చీ, తెరా సంపాదించి తండ్రుల్ని పిలవడం మొదలుపెట్టింది. మొదట వచ్చిన లారీ డ్రైవరు బిడ్డని చూసి నిజంగానే కళ్ళు తిరిగి పడ్డాడు. సెలైన్ సీసాల ట్రే మొత్తం నేలపాలైంది. లేచి కూర్చున్నాక, మొహం కడుక్కుని, ఇంకోసారి చూస్తానన్నాడు. గంటసేపు ఉన్నాడు. భార్య దగ్గరికి వెళ్ళి ఇద్దరూ కలిసి ఏడ్చారు.

సెలవు నుంచి వచ్చిన రూలమ్మ విరిగిన సీసాల జాబితా చూసింది. "నేనన్నానా లేదా పడతారని?" అంది.

"అన్నారు. పడ్డాక లేచారు కూడా సిస్టర్."

"సరే. ఇవాళ నాకు చెప్పకు. ఆరు నెలల తర్వాత ఆయన ఇంటికి వెళ్ళి కనుక్కుని వచ్చి చెప్పు." జాబితా మడిచి ఇచ్చి, "ఆ సందు ఎక్కడో మా ఆయన్ని అడుగు" అంది.

ఉద్యోగం అయిపోయాక ఏడాదికోసారి నర్సింగు స్కూలువాళ్ళు ఆవిడని పిలిచేవారు. ఆవిడ పాఠం చెప్పేది కాదు, జరిగింది జరిగినట్టు చెప్పేది. మేట్రన్ ఇప్పించిన మంచాల దగ్గర మొదలుపెట్టి, కూరగాయలామె బండి, టీచరు కేక, ఏదీ దాచేది కాదు. ఒకసారి వెనక బెంచీలోంచి ఒకమ్మాయి లేచి నిలబడింది.

"చూపించకుండా మీరెంతమంది బిడ్డల్ని పంపేశారు మేడం?"

టీచర్లలో ఒకరు ఆ అమ్మాయిని కూర్చోమని సైగ చేశారు. రూలమ్మ వద్దన్నట్టు చెయ్యి ఊపింది.

"రిటైరయ్యే ముందు రిజిస్టర్లు తిప్పాను. నా సంతకాలు నూట ముప్ఫై ఒకటి. కలిసి, ఆడో మగో చెప్పగలిగింది నలభై మందికి."

"మరి మిగతావాళ్ళు?"

"వెతుకుతున్నాం. మా ఆయన కూడా రిటైరయ్యాడు కదా, తీరిక ఉంది."

ఇంకెవరో, ఇప్పుడు మేం చేస్తున్నవాటిలో తప్పులేమున్నాయని అడిగారు. అందరూ పెన్నులు తీశారు. అది తనకి తెలియదనీ, తెలిసి ఉంటే నిన్ననే చెప్పేదాన్ననీ, ఇంటికి వెళ్ళిపోయిన తల్లుల్ని అడిగితే తెలుస్తుందేమోననీ అంది. తర్వాత వాచీ చూసుకుని, సంచీ భుజాన వేసుకుని, బయట స్కూటరు మీద ఎండలో కూర్చున్న భర్త దగ్గరికి వెళ్ళింది. ఆయన చేతిలో ఆరోజు వెళ్ళాల్సిన రెండు అడ్రసులు ఉన్నాయి. ఒకటి తప్పు అడ్రసని తర్వాత తేలింది.